గేటు లోపలికి తీసుకెళ్లింది నేనే... పూచీ ఎవరిది?

పలాస దగ్గర ఒక జీడి ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్న పాఠకుడు రాసిన ఆరు పేజీల ఉత్తరం ఇది. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేసి, సారాంశం మాత్రం ఇస్తున్నాం.

హైదరాబాద్‌లో సెల్‌ఫోన్ రిపేరు షాపులో పనిచేసే ఆయన బావమరిది (వయసు 24) మొన్న సంక్రాంతికి అక్క ఇంటికి వచ్చాడు. పండగ వెళ్లి ఫ్యాక్టరీ తెరిచిన మొదటి రోజున "బావా, జీడిపప్పు ఎలా తీస్తారో చూపించవా, వీడియో తీసుకుంటాను" అన్నాడు. షావుకారు ఆ రోజు ఊళ్లో లేరు. "మన సార్ బావమరిదే కదా" అని వాచ్‌మన్ గేటు తీశాడు. అప్పుడే పిక్కలు ఉడికించే కుక్కర్ అడుగు తలుపు తీసి, పొగలు కక్కుతున్న పిక్కల్ని నేల మీదికి వదిలారు. నేలంతా నీళ్లు, జీడి నూనె జిడ్డు. కుర్రాడి కాళ్లకి హవాయి చెప్పులు, కళ్లు ఫోన్‌లో. ఫ్రేమ్‌లోకి అంతా పట్టాలని ఒక అడుగు వెనక్కి వేసి జారాడు. కుడిచెయ్యి మోచేతి దాకా పిక్కల కుప్పలోకి వెళ్లింది.

కాశీబుగ్గలో ఫస్ట్ ఎయిడ్, తర్వాత శ్రీకాకుళం, చివరికి విశాఖపట్నం. ఖర్చు 1,60,000 రూపాయలు దాటింది. అందులో సగం భార్య గొలుసు తాకట్టు పెట్టి తెచ్చినదే. చిటికెన వేలు, ఉంగరపు వేలు ఇప్పటికీ సరిగా ముడుచుకోవడం లేదు. హైదరాబాద్ షాపులో ఆ సీటు వేరేవాళ్లకి ఇచ్చేశారు.

షావుకారు మాట ఒక్కటే: "వాడు మన వర్కర్ కాదు, మన రూల్స్ వాడికి వర్తించవు. నువ్వు తెచ్చావు, నువ్వు చూసుకో." పైగా, సందర్శకుల రిజిస్టర్‌లో పాత తేదీ వేసి "అనుమతి లేకుండా, వద్దన్నా వినకుండా లోపలికి వచ్చాడు" అని రాయమంటున్నారు. సోమవారం దాకా గడువు. అకౌంటెంట్‌ది ఇంకో ఉపాయం: ఆ రోజు పొద్దున్నే పనిలో చేరినట్టు కుర్రాడి పేరు హాజరు పట్టీలో ఎక్కిస్తే కార్మికుల ఇన్సూరెన్స్ పాలసీలో డబ్బు లాగవచ్చట. మామగారు పోలీసు కేసు పెడదాం అంటున్నారు. భార్య "నా తమ్ముడి చెయ్యి కన్నా నీకు నీ షావుకారే ఎక్కువ" అని మాట్లాడడం మానేసింది.

ఉత్తరంలో ఇంకో రెండు సంగతులు ఉన్నాయి. డిసెంబర్‌లోనే అదే చోట ఇద్దరు ఆడవాళ్లు జారిపడితే, ఈయన ఫోటో తీసి కాలువ చేయించమని షావుకారుకి వాట్సాప్ పెట్టారు. "సీజన్ అయ్యాక చూద్దాం" అని జవాబు వచ్చింది. అప్పటినుంచి ఊక చల్లి నెట్టుకొస్తున్నారు. రెండోది, బడి వదలగానే నలుగురైదుగురు పిల్లలు తల్లుల దగ్గరికి వచ్చి పొట్టు తీసే చోట కూర్చుంటారు. ఈయన కసిరితే "ఏటీ అవదులే బావూ" అంటారు తల్లులు.

ఆయన అడిగినది: "సేఫ్టీ రూల్స్ పనివాళ్లకేనా, చూడ్డానికి వచ్చినవాళ్లకి కూడానా? తప్పు నాదా, షావుకారుదా? సోమవారం ఏం చెయ్యాలి?"

సమాధానం

ఉత్తరంలో "తీసుకెళ్లింది నేనే" అన్న మాట నాలుగుచోట్ల రాశారు. మీ షావుకారు పట్టుకున్నది ఆ మాటనే. ఆయన వాదనలో సగం నిజం ఉంది, మిమ్మల్ని తికమక పెడుతున్నది ఆ సగమే. కాబట్టి ముందు దాన్ని విప్పుదాం.

మనకి చాలాకాలం నడిచిన 1948 ఫ్యాక్టరీల చట్టం నిండా కనిపించే పదం 'కార్మికుడు'. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఆ చట్టాన్ని సవరించి, యజమాని సాధారణ బాధ్యతల గురించి 7ఎ అని ఒక సెక్షన్ చేర్చినప్పుడు కూడా, పనిలో ఉన్న కార్మికుల ఆరోగ్యం, భద్రత అనే రాశారు. "అతను వర్కర్ కాదు, నాకేం సంబంధం" అనే మాట అక్కణ్ణుంచి వచ్చింది. ఆ చట్టం ఇప్పుడు లేదు. దాని స్థానంలో 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ని 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చారు. మీ బావమరిది జారిపడింది ఆ తర్వాతే. యజమాని చేయవలసిన పనులు చెప్పే 6వ సెక్షన్‌లో ఒక వాక్యం ఉంది: తనకు తెలిసి వచ్చినా తెలియకుండా వచ్చినా, తన పని ప్రాంగణంలో ఉన్న మనుషుల భద్రతకీ ఆరోగ్యానికీ యజమానిదే బాధ్యత. అక్కడ వాడిన మాట ఉద్యోగులు కాదు, మనుషులు. 'తెలియకుండా వచ్చినా' అన్న ముక్కని రెండుసార్లు చదవండి. షావుకారు ఊళ్లో లేకపోవడం వల్ల ఆయన బాధ్యత కూడా ఊళ్లో లేకుండా పోదు. విద్యుత్తుతో నడిచే యూనిట్‌ని ఫ్యాక్టరీగా లెక్కించడానికి కొత్త కోడ్‌లో 20 మంది పనివాళ్లు ఉంటే చాలు. మీ దగ్గర 28 మంది ఆడవాళ్లు, 9 మంది మగవాళ్లు ఉన్నారని రాశారు కాబట్టి 'మాది చిన్న యూనిట్' అని తప్పించుకునే వీలు కూడా లేదు.

అంటే రూల్స్ వర్తిస్తాయి. కానీ ఆ మాట విని మీ మామగారు లేచి బయల్దేరకముందే మిగతా సగం కూడా చెప్పాలి.

కాపాడే బాధ్యత అందరి విషయంలోనూ ఉంది గానీ, దెబ్బ తగిలాక డబ్బు చేతికొచ్చే దారి అందరికీ ఒకటి కాదు. పనివాడికి 1923 నాటి పరిహార చట్టం ఉండేది, 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రత కోడ్ ఉంది, ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉంటే అది ఉంది. ఏ వేలు పోతే ఎంత శాతం అని పట్టిక ఉంటుంది, జీతాన్ని బట్టి లెక్క కడతారు. చూడ్డానికి వచ్చిన మనిషికి ఆ పట్టిక లేదు. అజాగ్రత్త వల్ల నష్టం జరిగిందని సివిల్ కోర్టులో నిరూపించి తీసుకోవాలి, లేదా మాట్లాడుకుని రాజీ పడాలి. 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం కార్మికులు కాని బయటివాళ్ల కోసమే వచ్చింది, కానీ అది ప్రమాదకరమైనవిగా నోటిఫై చేసిన పదార్థాల వల్ల జరిగే ప్రమాదాలకి. ఉడికించిన జీడిపిక్కలకి అది పనికిరాదనే నా అభిప్రాయం. షావుకారు కట్టే పాలసీల్లో బయటివాళ్లకి దెబ్బ తగిలితే కవర్ చేసేది ఏదైనా ఉందేమో అడగండి. ఉంటే అందరికీ సులువైన దారి అదే. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పడంలో ఆలస్యమయ్యేకొద్దీ అది మూసుకుపోతుంది.

ఇక్కడే అకౌంటెంట్ ఉపాయం సంగతి. ఆ రోజే చేరాడని రాస్తే డబ్బు వస్తుంది కదా, ఎవరికి నష్టం అనిపిస్తుంది. ఆ క్లెయిమ్ మీద ఇన్సూరెన్స్ వాళ్ల మనిషి వస్తాడు, మొదట వాచ్‌మన్‌నే అడుగుతాడు. హైదరాబాద్ షాపులో అదే నెల జీతం పడిన బ్యాంకు ఖాతా చూస్తాడు. దొరికితే అది మోసం కేసు. హాజరు పట్టీ మీద సూపర్‌వైజర్ సంతకం మీది. అకౌంటెంట్ సంతకం ఎక్కడా ఉండదు. గమనించారా?

రిజిస్టర్ సంగతి కూడా అలాంటిదే, కాకపోతే దెబ్బ ఇంకో వైపు నుంచి వస్తుంది. "వద్దన్నా వినకుండా వచ్చాడు" అని పాత తేదీతో మీరే రాస్తే, ఒక కాగితంతో ముగ్గురిని ముంచినట్టు. బావమరిది చొరబడినవాడు అవుతాడు. ఆపలేకపోయినవాడు వాచ్‌మన్ అవుతాడు. ఆ అబద్ధం రాసినవారు మీరవుతారు. బాగుపడేది షావుకారు ఒక్కరే, అదీ కొన్నాళ్లే. ఎందుకంటే కుర్రాడి ఫోన్‌లో వీడియో ఉంది. మీ వెనకే నడిచి వస్తూ, మీరు కుక్కర్ చూపించి చెబుతుండగా తీసినది. ఆ ఫైల్ కట్ చేయకుండా, ఎవరికీ పంపకుండా అసలుది అసలుగా దాచమనండి. మీ డిసెంబర్ వాట్సాప్ మెసేజ్, దానికొచ్చిన జవాబు కూడా అంతే.

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బరువైన ముక్క ఆ మెసేజే అని నాకనిపిస్తోంది. మీరు దాన్ని ఐదో పేజీలో ఏదో మాటవరసకి రాశారు. బావమరిదిని తీసుకెళ్లడం మీ పొరపాటు, అది ఒప్పుకోండి. పనివేళలో, ఉడికే చోటికి, హవాయి చెప్పులతో కొత్త మనిషిని తీసుకెళ్లకూడదని పదకొండేళ్ల అనుభవం ఉన్న మీకు తెలుసు. కానీ కుర్రాడు జారింది మీ వల్ల కాదు, నేల వల్ల. ఆ నేల మీద నెల క్రితమే ఇద్దరు జారారు. యజమానికి ఫోటోతో సహా తెలుసు. కాలువకి బదులు ఊక వచ్చింది. ఊక తడిస్తే ఇంకా జారుతుందని మీ ఆడవాళ్లని అడిగినా చెబుతారు. పనివాళ్ల కోసం ఆ కాలువ తవ్వి ఉంటే చూడ్డానికి వచ్చినవాడూ పడేవాడు కాదు. సందర్శకులకి రూల్స్ వర్తిస్తాయా అన్న ప్రశ్నకి చట్టం ఒక జవాబు చెబితే, మీ నేల ఇంకో జవాబు చెబుతోంది: ఆ రూల్స్ పనివాళ్ల విషయంలోనే అమలు కాలేదు.

ఇప్పుడు దారులు చూద్దాం. ఏది ఎంచుకున్నా ఎంతోకొంత పోతుంది. అది తెలిసి ఎంచుకోండి.

మొదటిది, కూర్చుని మాట్లాడుకోవడం. మీరు ఒక్కరే వెళ్లవద్దు. మామగారూ, షావుకారు మాట వినే పెద్దమనిషి ఒకరూ ఉంటే మంచిది. ఆస్పత్రి బిల్లులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్, వేళ్లు ముడవలేకపోతున్నాడని డాక్టరు రాసిన కాగితం, పోయిన జీతం లెక్క. గొంతు పెంచకుండా ఆ 6వ సెక్షన్ సంగతి, డిసెంబర్ మెసేజ్ సంగతి చెప్పండి. చాలామంది యజమానులు ఇక్కడ దిగివస్తారు. ఈ దారిలో మీ ఉద్యోగం నిలబడే అవకాశం ఎక్కువ. గొయ్యి ఎక్కడంటే, డబ్బు ఇచ్చేటప్పుడు "ఇక ముందు ఏ విధమైన క్లెయిమూ చేయను" అని ఒక స్టాంపు కాగితం రాయించుకుంటారు. వేళ్ల పరిస్థితి ఇంకా తేలలేదు. ఫిజియోథెరపీ అయ్యాక ఎంత మిగులుతుందో డాక్టరు చెప్పేదాకా, అవసరమైతే సదరం క్యాంపులో వైకల్యం శాతం తేలేదాకా, ఆ కాగితం మీద సంతకం వద్దు. ఇప్పటిదాకా అయిన ఖర్చు మటుకు తీసుకుని, అంతవరకే రసీదు ఇవ్వవచ్చు.

రెండోది, న్యాయ సేవాధికార సంస్థ ద్వారా. జిల్లా కోర్టు ప్రాంగణంలో ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రెండు పక్షాలనీ పిలిపించి మాట్లాడిస్తారు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. కానీ షావుకారు రాకపోతే, వచ్చి కుదరదంటే, చేసేది లేదు. తర్వాత సివిల్ దావా వేయాలి, దానికి ఏళ్లు పడతాయి. దావాలో ఎదుటి లాయరు మొదట అడిగేది "ఫోన్ చూస్తూ వెనక్కి ఎందుకు నడిచావు" అని. కుర్రాడి అజాగ్రత్త ఎంతో తేల్చి ఆ మేరకు పరిహారం తగ్గించవచ్చు. మిమ్మల్ని కూడా ప్రతివాదిగా చేర్చవచ్చు. బావమరిది వేసిన కేసులో బావ ప్రతివాది! పండగకి ఒకే ఇంట్లో కూర్చుని తినాల్సినవాళ్లు. ఇది మామగారికి ముందే చెప్పండి.

మూడోది మామగారు అంటున్న పోలీసు కేసు. ఇతరుల ప్రాణానికో భద్రతకో ముప్పు తెచ్చే అజాగ్రత్త భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కిందికి వస్తుంది, యంత్రాల విషయంలో నిర్లక్ష్యానికి 289 ఉంది. షావుకారు మీద ఒత్తిడి పెరుగుతుంది, నిజమే. కానీ ఆ సెక్షన్లు యజమానులకే పరిమితం కావు. "లోపలికి తీసుకెళ్లింది ఎవరు?" అని ఎస్సై అడిగే మొదటి ప్రశ్నకి జవాబు మీ పేరే. ఇంకో చిక్కు, ఆస్పత్రిలో "ఇంట్లో వేడి గంజి పడింది" అని చెప్పామని రాశారు. ఎవరో ఫోన్ చేసి అలా చెప్పమంటే చెప్పారు. ఆ మాట డిశ్చార్జి కాగితంలో ఉంది. దాన్ని చెరపలేం. వీడియో, వాచ్‌మన్, మీరు, ముగ్గురూ ఒకే నిజం చెబితే దాన్ని దాటవచ్చు, కానీ ప్రతిచోటా ఆ గంజి మాట ముందు నిలబడుతుంది.

ఫ్యాక్టరీల శాఖకి ఫిర్యాదు చేయడం వేరు. అది డబ్బు తెచ్చిపెట్టదు, నేల బాగు చేయిస్తుంది. ఫిర్యాదు చేసినవారి పేరు ఇన్‌స్పెక్టర్ బయటపెట్టకూడదన్నది పాత చట్టంలో 1987 సవరణ నుంచీ ఉన్న పద్ధతే. అయితే 37 మంది ఉన్న చోట పేరు బయటపెట్టడానికి ఇన్‌స్పెక్టర్ అవసరం లేదు, సాయంత్రానికి టీ కొట్టు దగ్గర తెలిసిపోతుంది. ఆ దారి పట్టేముందు ఒక పని చేయండి: లైసెన్సు కాగితాల్లో 'ఫ్యాక్టరీ మేనేజర్' అన్నచోట ఎవరి పేరు ఉందో చూడండి. చిన్న యూనిట్లలో నమ్మకస్తుడైన సూపర్‌వైజర్ పేరు అతనికి చెప్పకుండానే రాసేయడం మామూలు. పాత చట్టంలో నేరం రుజువైతే యజమానితో పాటు మేనేజర్ కూడా శిక్షకి బాధ్యుడు. మీ పేరు గనక ఉంటే, జీతం సూపర్‌వైజర్‌ది, తలనొప్పి మేనేజర్‌ది అవుతుంది. ఆ సంగతి తేలాకే మిగతా అడుగులు, అదీ ఒక లాయరుతో మాట్లాడి.

పిల్లల సంగతి మీరు అడగలేదు, చెప్పారు అంతే. నేను మాత్రం దాన్ని వదలను. పాత చట్టంలో ఒక సెక్షన్ ఉండేది: భోజన విరామంలో తప్ప, పని నడుస్తుండగా ఫ్యాక్టరీలో కనిపించిన ఏ మనిషినైనా, కాదని రుజువయ్యేదాకా పనివాడిగానే లెక్కిస్తారు. అందులో కార్మికుడి నిర్వచనంలోనే 'కూలి ఇచ్చినా ఇవ్వకపోయినా' అని ఉండేది. బడి నుంచి వచ్చిన పిల్ల తల్లి పక్కన కూర్చుని ఊరికే ఉంటుందా? నాలుగు పలుకులకి పొట్టు తీస్తుంది. 14 ఏళ్ల లోపు పిల్లల చేత పని చేయించకూడదు, జీడి పరిశ్రమ అయితే పిల్లల్ని నిషేధించిన పనుల జాబితాలో ఎప్పుడో చేరింది. అధికారి ఆ క్షణంలో వస్తే "చూడ్డానికి వచ్చింది" అన్న మాట ఎవరూ నమ్మరు. అంతకన్నా ముందు, పచ్చి జీడి నూనె తగిలితే చర్మం ఎలా బొబ్బలెక్కుతుందో ఉద్దానం వాళ్లకి నేను చెప్పాలా? పిల్లల గది విషయంలో పాత చట్టం లెక్క 30 మంది కన్నా ఎక్కువ మంది ఆడవాళ్లు, కొత్త కోడ్ లెక్క 50 మంది పనివాళ్లు. మీ 28 మందికి చట్టం బలవంతం చేయదు. గేటు పక్కన ఒక రేకుల షెడ్డు, ఒక చాప, ఫ్యాను, చూడడానికి ఒక ముసలావిడ. ఆ ఖర్చు ఎంతో మీరే లెక్కగట్టి షావుకారుకి చెప్పండి, లక్షా అరవై వేల పక్కన పెట్టి చూపిస్తూ.

ఇక గోడ అవతలివాళ్లు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి కమ్మేసి 12 మంది చనిపోయినప్పుడు, ప్రాణాలు పోయింది చుట్టుపక్కల ఇళ్లలో ఉన్నవాళ్లవి. "మన వర్కర్ కాదు" అనే మాట ఎంత తేలికదో మన ఉత్తరాంధ్రకి ఇంకెవరూ నేర్పనక్కర్లేదు.

నాదొక చిన్న సంగతి. మా నాన్న విజయనగరం జిల్లాలో జూట్ మిల్లులో చేసేవారు. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్లేది నేనే. వాచ్‌మన్ తాత క్యారేజీ అందుకుని నన్ను బెంచీ మీద కూర్చోబెట్టేవాడు, లోపలికి మాత్రం పంపేవాడు కాదు. ఎంత ఏడ్చినా సరే. ఏడాదికి ఒక్కరోజు, ఆయుధ పూజ నాడు, అన్నీ ఆపేసి మగ్గాలకి బంతిపూల దండలు వేసినప్పుడు మాత్రం చెయ్యి పట్టుకుని అంతా తిప్పి చూపించేవారు నాన్న. మీ ఫ్యాక్టరీకి చూడ్డానికి వచ్చేవాళ్లు ఆగరు. వ్యాపారులు వస్తారు, చుట్టాలు వస్తారు, పిక్కలు తెచ్చిన రైతులు వస్తారు. వాళ్లకి గేటు దగ్గర ఒక పుస్తకం, నాలుగు జతల బూట్లు, పసుపు రంగు గీత గీసిన దారి, కుక్కర్ తెరిచే వేళలో ఎవరినీ రానివ్వకపోవడం. ఇవి మీ స్థాయిలోనే చేయించగలరు.

సోమవారం షావుకారుకి ఇలా చెప్పండి: "పాత తేదీతో నేను రాయను. ఈ రోజు తేదీ వేసి జరిగింది రాస్తాను." రాసేది మూడు వాక్యాలు చాలు: మా బావమరిది నా వెంట వచ్చాడు, ముందుగా అనుమతి తీసుకోలేదు, ఉడికించే చోట తడి నేల మీద జారి చెయ్యి కాలింది. దాని ఫోటో మీ దగ్గర ఉంచుకోండి. షావుకారు కోపగించుకోవచ్చు, పని మానుకోమనవచ్చు. ఆ మాట వస్తే ఎన్ని నెలలు నెట్టుకురాగలరో భార్యతో ఆదివారమే లెక్క వేసుకోండి. ఆవిడతో అసలు మాట మొదలుపెట్టడానికి కూడా అదొక దారి. గొలుసు ఆవిడది కదా.

చివరగా, ఆరు పేజీల్లో షావుకారు ఏమన్నారో ఉంది, అకౌంటెంట్, మామగారు, భార్య ఏమన్నారో ఉంది. చెయ్యి కాలిన కుర్రాడు ఏమంటున్నాడో ఒక్క ముక్క లేదు. కేసు వేసినా రాజీ పడినా హక్కు అతనిది, సంతకం అతనిది. స్క్రూడ్రైవర్ పట్టుకోలేకపోతున్నవాడు అతను. డబ్బు కావాలో, పలాసలోనే ఒక చిన్న షాపు పెట్టుకునే సాయం కావాలో, షావుకారు ఒక్కసారి వచ్చి చూస్తే చాలో, మీ ఊహకి వదలకండి. ఫిజియోథెరపీకి ఈసారి తోడుగా మీరు వెళ్లండి. బస్సులో పక్కన కూర్చుని అడగండి.